పుల్లావును లేపిన పొద్దులు

1965 అక్టోబరు 12, మంగళవారం

ఈ పొద్దున గంప ఎత్తేసరికి కింద నాలుగు కోళ్ళు చచ్చి ఉన్నాయి. నిన్న సాయంత్రం రెక్కలు వేలాడేసుకుని తూగుతుంటే మబ్బు పట్టి ముడుచుకున్నాయేమో అనుకున్నాను. మబ్బు ఎక్కడుంది? కొక్కెర తెగులని నిన్ననే తెలుసు. తెలిసీ పసుపు నీళ్ళు తాగించాను. అత్త వెల్లుల్లి దంచి మింగించింది.

మా పాప పీరాంబీ తన తెల్లపెట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాని మెడ మెలి తిరిగి పైకి చూస్తోంది.

"జేజీ, ఇది ఆకాశంలోకి ఎందుకు సూస్తాండాది?"

"వాన కోసరం" అంది అత్త.

నాకు కోపం వచ్చింది. ఏడేళ్ళ పిల్లతో అనవలసిన మాటేనా అది.

 చచ్చినవాటిని మా ఆయన గోనెసంచిలో వేసుకుని వంక దగ్గర పూడ్చి వచ్చాడు.

అక్టోబరు 15

నల్లపెట్ట ఒక్కటే మిగిలింది. అది గుడ్డు పెట్టడం ఎప్పుడో మానేసింది.

అక్టోబరు 30, శనివారం

చేను మీద ఆశ వదిలేశాం. వేరుశనగ బెత్తెడు కూడా ఎదగకుండా ఎండిపోయింది. పీకితే కాయ లేదు, మేతకు కట్టె లేదు. కాయ పోతే మనుషులు ఒక పూట తినైనా ఉంటారు. కట్టె పోతే ఎద్దుల నోట్లో ఏం పెట్టాలి?

సాయంత్రం పక్కింటి లక్ష్మన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"సిరుగుప్ప కాడ కాలవ కింద వరి కోస్తారంట ఇమామూ. గడ్డి ఆడ అడిగే నాథుడు ల్యాడంట. తోలుకపోతే ఎద్దులన్నా బతుకుతాయి."

"అంత దూరం నడుస్తాయాన్నా?"

"ఈడుంటే నిలబడే సస్తాయి కదప్పా."

ఆయన లేచి వెళ్ళి ఎద్దుల గంగడోళ్ళు నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. నేను పుల్లావు సంగతి అడిగాను. కడుపుతో ఉన్న ఆవు, ఇప్పటికే డొక్కలు లోపలికి పోయాయి.

"అది నడవల్యాదు. దానికి నువ్వుండావు గదా" అన్నాడు.

నవంబరు 1

వెళ్ళారు. లక్ష్మన్న జత, మా జత. ఆయన గొంగడి భుజాన వేసుకుని వెనక నడిచాడు. ఉగాది లోపల వస్తానన్నాడు. ఎద్దులు బతికుంటే వాన వచ్చిన రోజు దున్నుకోవచ్చు, ఎద్దులు పోతే వాన వచ్చినా రానట్టే అన్నాడు. నాకు ధైర్యం చెబుతున్నాడనుకున్నాను.

నవంబరు 24

కబురు లేదు. కబురు లేదంటే బాగున్నారనే.

డిసెంబరు 6, సోమవారం

పుల్లావు పడిపోయింది.

తెల్లవారి కొట్టంలోకి వెళితే కాళ్ళు ముడుచుకుని ఉంది. అదిలించాను. ముందుకాళ్ళు మోపి లేవబోయింది, వెనక భాగం నేల విడవలేదు. మళ్ళీ ప్రయత్నించి ముట్టె నేలకు ఆనించింది. తోక పట్టి లాగాను. అత్త కొమ్ములు పట్టింది. మా ఇద్దరి బలం దానికి చాలలేదు. పీరాంబీ వెళ్ళి నల్లమ్మ వదినను పిలుచుకొచ్చింది. లక్ష్మన్న కాలవ సీమలో ఉంటే ఆ ఇల్లు చూసుకుంటున్నది ఆమె ఒక్కతే. వదిన ఆవును ఒకసారి చూసి, వెంటనే వెళ్ళి చౌడప్ప మామను, ఆయన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొచ్చింది.

చౌడప్ప మామ రెండు బొంగులు తెచ్చాడు. గోనెపట్టను ఆవు రొమ్ము కింద దూర్చి, ఇంకొక దాన్ని పొదుగుకు ముందర దూర్చి, కొసలు బొంగులకు చుట్టారు.

"కడుపు మీద ఒత్తొద్దండి. లోపల ప్రాణముండాది" అని మామ అందరికీ చెప్పాడు. "నేను అంటానే ఎత్తల్ల. ముందర ఒకరు, యెనక ఒకరు ఎత్తితే నడుం ఇరుగుతాది."

ఎత్తాం. పుల్లావు గాలిలో తేలినట్టు లేచింది. కాళ్ళు వేలాడుతున్నాయి, నేలను మరిచిపోయినట్టు. వదిన, నేను చెరొక వైపు కూర్చుని దాని కాళ్ళు పిసికాం. కాసేపటికి గిట్టలు నేలకు ఆనాయి. అప్పుడు మెల్లగా బొంగులు దించారు. నిలబడింది.

"ఇంగ రోజూ లేపల్ల" అన్నాడు మామ. "రాత్రికి పండుకుంటాది. పొద్దునకి లేయల్యాదు. మా ఇంట్లోదీ అట్లనే. అంతా కలిసి ఒకరింటి నుంచి ఒకరింటికి పోదాం."

డిసెంబరు 11

పొద్దున చౌడప్ప మామ ఆవు, తరువాత మాది. లేపితే పగలంతా నిలబడే ఉంటోంది. నాగజెముడు మట్టలు తెచ్చి, ముళ్ళు మంటలో కాల్చి, ముక్కలు చేసి పెడుతున్నాను. తింటోంది. మా మేకలకు బాధ లేదు, అవి తుమ్మకొమ్మలు, ముళ్ళకంపలు అన్నీ తింటాయి. మేకలను చూస్తే కొన్నిసార్లు చిరాకు వేస్తోంది, అంత సులువుగా బతుకుతున్నందుకు.

డిసెంబరు 19

దాసప్ప అనే గొర్రెలాయన కాలవ సీమకు వెళుతూ నీళ్ళు తాగడానికి ఆగాడు. మా ఆయనకు ఏమైనా చెప్పమంటావా అని అడిగాడు.

"ఆవు బాగుండాదని చెప్పు. కడుపు బాగా నిండినాదని చెప్పు" అన్నాను.

అప్పుడు అత్త ఆవు కొట్టంలోనే ఉంది. బయటికి వచ్చి నా ముఖంలోకి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఉన్నమాట చెబితే ఆయన అక్కడ నిలవలేడు, వచ్చేస్తాడు. వస్తే ఎద్దులు ఏమవుతాయి?

డిసెంబరు 28

కొట్టం కప్పు దించడం మొదలుపెట్టాను. మూడేళ్ళ కిందట వేసిన బోదగడ్డి. పైది నల్లగా కుళ్ళింది, లోపలిది ఇంకా పసుపుగా ఉంది. లోపలిది దులిపి, ఉప్పునీళ్ళు చిలకరించి పెడితే పుల్లావు నమిలింది. కప్పు ఎలాగూ మార్చవలసిందే.

1966 జనవరి 25, మంగళవారం

పండగ మొన్న అయిపోయింది. సేమియా లేదు, పాలు లేవు. అత్త నమాజు చేసుకుని పడుకుంది.

ఈ రోజు లక్ష్మన్న వచ్చాడు. ఒక్క ఎద్దును తోలుకుని ఒక్కడే వచ్చాడు. దాని జత ఏమైందని నేను అడగలేదు. నల్లమ్మ వదిన గడపలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"మా ఆయన, అన్నా?"

"బాగుండాడమ్మా. ఆడొక రైతు కాడ పనికి కుదిరినాడు."

"ఎద్దులు?"

లక్ష్మన్న వంగి తన ఎద్దు గిట్టలో ముల్లు వెతకసాగాడు.

"బాగుండాయి" అన్నాడు.

ఎంతసేపు వెతికినా ముల్లు దొరకలేదు. పాపం, అంత దూరం నడిచి వచ్చాడు. మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది.

రాసుకుంటే మనసు నిమ్మళంగా ఉంది. ఎద్దులు బాగున్నాయి.

ఫిబ్రవరి 3

బాగున్నాయి. లేకపోతే ఆయన వచ్చి ఉండేవాడు కదా.

ఫిబ్రవరి 20, ఆదివారం

పుల్లావు ఈనింది.

పడుకునే ఈనింది. లేపడానికి వచ్చినవాళ్ళం బొంగులు పక్కన పెట్టి కూర్చున్నాం. ముందు గిట్టలు కనిపించి ఆగిపోయాయి. ముక్కడానికి కూడా దానికి బలం లేదు. చౌడప్ప మామ చేతులకు ఆముదం రాసుకుని, ఆవు ఊపిరి బిగబట్టినప్పుడల్లా కొంచెం కొంచెంగా లాగాడు. పెయ్యదూడ. తల్లి రంగే. నేల మీద పడి తుమ్మింది.

పుల్లావు తల తిప్పి నాకబోయింది. మెడ అంత దూరం రాలేదు. నేను దూడను ఎత్తి దాని మూతి దగ్గర పెట్టాను. నాకింది.

పొదుగులో పాలు లేవు. పిండితే జిగురుగా నాలుగు చుక్కలు వచ్చాయి. ఆ నాలుగూ దూడ నోట్లోకే పోయేటట్టు పట్టాను. మేకపాలు వేలికి రాసి నాకిస్తున్నాం. పీరాంబీ దానికి బంగారి అని పేరు పెట్టింది. పేరు పెట్టొద్దన్నాను. 

మార్చి 9

దూడ పోయింది. మేకపాలకు కడుపు నిలవలేదు. మేకలకు తప్పు లేదు, వాటి పాలు కూడా చిక్కగా అంబలిలా దిగుతున్నాయి.

 

మార్చి 23, బుధవారం

ఉగాది. ఆయన రాలేదు.

సాయంత్రం లక్ష్మన్న ఇంటికి వెళ్ళి గడప ఇవతలే నిలబడ్డాను.

"అన్నా, ఉన్నమాట చెప్పు."

లక్ష్మన్న తల వంచుకున్నాడు. నల్లమ్మ వదినే కసిరింది: "చెప్పు. ఇంగ ఎన్నాళ్ళు మింగుతావు?"

చెప్పాడు. వాళ్ళు కాలవ దగ్గరికి చేరిన వారానికే అక్కడ పశువులకు పారుడు జబ్బు తగిలింది. లక్ష్మన్న ఎద్దొకటి ముందు పోయింది. తరువాత మావి రెండూ, ఒకే రోజు. గట్టు మీద గడ్డి మోకాటి ఎత్తు ఉందట. వాటి ముందు కోసి వేస్తే ముఖం తిప్పుకున్నాయట.

"ఇమాము ఆడనే కూచున్యాడమ్మా. లేయమంటే లేయల్యా. 'నేను ఏం మొగం పెట్టుకుని పోవల్ల? నువ్వు పోయి బాగుండాయని చెప్పు' అని నా చేత ఒట్టేయించుకున్యాడు. ఒకటే మాట. 'ఆవన్నా బాగుండాదంట, అది ఈనినాక పోతా' అన్యాడు."

దాసప్ప నా మాట చేరవేశాడన్నమాట.

ఇంటికి వచ్చి పుల్లావుకు నీళ్ళు పెట్టాను.

ఏప్రిల్ 2

అత్తకు చెప్పాను. "నాకు ఎప్పుడో తెలుసు" అంది. 

ఏప్రిల్ 11, సోమవారం

ఆయన వచ్చాడు.

పొద్దున పుల్లావును లేపుతున్నాం. చౌడప్ప మామ పెద్దకొడుకు కూలికి తాడిపత్రి వెళ్ళిపోయాడు, మనుషులు చాలక మూడుసార్లు ఎత్తి దించాం. నాలుగోసారి ఎత్తేటప్పుడు నా పక్కన ఎవరో బొంగు కింద భుజం పెట్టారు. ఆవు లేచింది. అప్పుడు పక్కకు చూశాను. గడ్డం పెరిగి, బుగ్గల ఎముకలు బయటపడి ఉన్నాయి. చొక్కా కూడా ఎవరిదో.

 గోనెపట్టలు విప్పి అందరూ వెళ్ళిపోయారు. ఆయన ఆవు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెన్నెముక మీద చెయ్యి వేశాడు. ఖాళీ పొదుగు చూశాడు. కప్పు లేని కొట్టం చూశాడు.

"బాగుండాదని చెప్పి పంపినావంట" అన్నాడు.

"నువ్వూ బాగుండాయనే చెప్పి పంపినావంట" అన్నాను.

అంతే.  పీరాంబీ తండ్రిని చూసి ముందు గుర్తుపట్టలేదు.

ఏప్రిల్ 14

తోళ్ళు కొనేవాడు వీధిలోకి వచ్చాడు. చావకముందే బేరం చేసుకుంటాడు. గోడ మీంచి పుల్లావును చూసి ఆయనను పిలిచాడు. ఆయన వెళ్ళి ఏం చెప్పాడో తెలియదు, వాడు మళ్ళీ ఇటు రాలేదు.

రోజంతా ఆయన ఆవు దగ్గరే ఉంటున్నాడు. దానితో మాట్లాడుతున్నాడు. మాతో మాట్లాడడం లేదు. దారి అలసట, ఏదో ఒకనాటికి మాట్లాడతాడు.

ఏప్రిల్ 19, మంగళవారం

ఈ పొద్దు ఎత్తితే లేచింది గాని గిట్టలు నేలకు ఆనలేదు. కాళ్ళు పిసికాం. ఎండ ముదిరేదాకా పట్టుకునే నిలబడ్డాం. భుజాలు ఒరుసుకుపోయాయి. లక్ష్మన్న బనీనుకు నెత్తురు అంటింది.

"దించుదాం ఇమామూ" అన్నాడు చౌడప్ప మామ.

"ఇంకొంచేపు."

"అప్పా, అది ఇంగ నిలబడదు. మనం మోసేది పీనుగను."

ఆయన వదల్లేదు. అందరూ ఒక్కొక్కరే బరువు తగ్గిస్తూ దించుతుంటే ఆయన వైపు మాత్రం బొంగు పైకే ఉండిపోయింది. ఆవు ఒక పక్కకు ఒరిగి పడింది. మధ్యాహ్నానికి పోయింది.

సాయంత్రం బండి మీద తీసుకెళ్ళారు.

ఏప్రిల్ 24

ఆయన పడుకునే ఉన్నాడు. జ్వరం లేదు. అలసటే. ఎన్ని నెలల అలసట.

మే 1, ఆదివారం

ఈ రోజు పీర్ల పండగ. ప్రతి ఏడూ పెద్దపీరును ఎత్తేది ఆయనే. అలావ గుంటలో నిప్పులు ఎర్రగా ఉంటే, పీరును భుజానికి ఆనించుకుని దాటుతుంటే ఊరంతా చూసేది. ఈసారి పెద్దలు పిలవడానికి వచ్చారు. ఆయన గోడ వైపు తిరిగాడు. వాళ్ళు కొంచెంసేపు నిలబడి, "ఒంట్లో బాగల్యాదేమో" అని వాళ్ళే చెప్పుకుని వెళ్ళిపోయారు.

డప్పులు దగ్గరికి వచ్చి, మా ఇంటి ముందు ఆగి, దూరమయ్యాయి. పీరాంబీ వాకిట్లో నిలబడి ఊదు బూడిద తీసుకుని వచ్చి నాయన నుదుటికి రాసింది. ఆయన కళ్ళు తెరవలేదు.

మే 17

పెడితే తింటాడు. పెట్టకపోతే అడగడు. తిట్టి చూశాను. ఏడ్చి చూశాను. ఎద్దులు పోయింది నువ్వు చేసింది కాదు, ఆవు పోయింది నేను చేసింది కాదు అని చెప్పాను. విన్నాడో లేదో తెలియలేదు.

అత్త కొడుకు తల దగ్గర కూర్చుని నాతో అంది: "ఆవునైతే గోనెపట్ట ఏసి లేపితిమి. వీన్ని యాడ పట్టుకుని లేపల్ల మస్తానా?"



జూన్ 12, ఆదివారం

వాన.

మధ్యాహ్నం నల్లగా కమ్ముకుని ఒక్కసారి పడింది. వీధిలో మనుషులు తడుస్తూ నిలబడ్డారు. మేకలు అరిచాయి. కొట్టం కప్పు ఎప్పుడో అయిపోయింది, ఆ తరువాత వసారా బోద కూడా దించాను. ఆయన పడుకునేది వసారాలోనే. వాన నేరుగా ముఖం మీద పడుతున్నా లేవలేదు. నేను, అత్త చాప పట్టుకుని లోపలికి లాగాం. పీరాంబీ కాళ్ళ వైపు తోసింది. చాలా తేలికగా ఉన్నాడు.

"వానొచ్చినాది" అని చెవిలో చెప్పాను.

"ఎవురికి?" అన్నాడు.

జూన్ 21

ఊళ్ళో దున్నుతున్నారు. లక్ష్మన్న ఒక ఎద్దుతో తంటాలు పడుతున్నాడు. పక్క ఊరి నుంచి ఇంకొకటి అడిగి తెచ్చుకుంటాడట. మా చేను అలాగే ఉంది.

జూన్ 27, సోమవారం

చలివానకు నల్లమ్మ వదినవాళ్ళ ఆవు పడిపోయింది. ఎండాకాలమంతా నిలబడి, వాన పడ్డాక పడింది. చిక్కిన పశువులు వాన తగలగానే అట్లా అవుతాయట.

పొద్దున వదిన వచ్చి వాకిట్లో నిలబడింది. చౌడప్ప మామకు నడుము పట్టేసింది, చిన్నకొడుకు గొర్రు పట్టి చేనికి పోయాడు. ఆమె నన్ను పిలవడానికే వచ్చింది. నేను కొంగు దోపుకుంటుంటే లోపలికి తొంగి చూసి అంది:

"ఇమామన్నా, ఒక చెయ్యి తక్కువుండాదే."

బతిమాలినట్టు అనలేదు. ఉప్పు అడిగినట్టు అంది.

ఆయన లేచాడు. ఎంత మామూలుగా లేచాడంటే నేను గోడ పట్టుకోవలసి వచ్చింది. పంచె బిగించుకుని మా కంటే ముందు నడిచాడు. గోనెపట్ట తనే దూర్చాడు. "నేను అంటానే ఎత్తల్ల" అన్నాడు. ఎత్తాం. ఆవు నిలబడింది. ఆయన దాని కాళ్ళు పిసికి, తోక కింద శుభ్రం చేసి, ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని పడుకున్నాడు.

జూన్ 28

ఈ రోజు కూడా పిలిచారు. వెళ్ళాడు.

జూలై 2, శనివారం

రోజూ వెళుతున్నాడు. లేపి వచ్చాక పడుకుంటున్నాడు గాని ఈ రోజు పడుకునే ముందు పీరాంబీ జడ ఊడిపోతే చూసి, "వాళ్ళమ్మను అల్లమను" అన్నాడు. నాతో కాదు, అత్తతో. అయినా నేను విన్నాను.

అత్త పొద్దున నమాజులో ఎక్కువసేపు ఉంటోంది. ఏమి అడుగుతోందో నాకు తెలుసు. నేను అడిగేది మాత్రం ఎవరికీ చెప్పలేను. రేపు కూడా నల్లమ్మ వదిన ఆవు లేవకూడదని అడుగుతున్నాను. మా పుల్లావు కోసం నెలల తరబడి భుజాలు ఒరుసుకున్న ఇల్లు అది. వాళ్ళ ఆవు ఇంకా కొన్నాళ్ళు పడే ఉండాలని నేను దేవుణ్ణి అడుగుతున్నాను. చావకూడదు. లేవకూడదు.

జూలై 5

వదిన దాని కోసం గట్ల మీద లేతగడ్డి కోసి తెచ్చి పెడుతోంది. నేనూ వెంట వెళ్ళి ఒక మోపు కోశాను. వద్దనుకుంటూనే కోశాను.

జూలై 9, శనివారం

పొద్దున ఎవరూ పిలవడానికి రాలేదు. ఆయన లేచి గడపలో కూర్చున్నాడు. పొద్దెక్కుతుంటే తనే బొంగు భుజాన వేసుకుని బయలుదేరాడు. నేను వెనకే వెళ్ళాను.

ఆవు వాకిట్లో నిలబడి ఉంది. తనంతట తనే లేచిందట. గడ్డి మేస్తూ తోక విసురుకుంటోంది. నల్లమ్మ వదిన దాని మెడ కావలించుకుని నవ్వుతోంది. లక్ష్మన్న చేనికి పోకుండా ఆగి మరీ చూస్తున్నాడు.

"లేసినాది ఇమామూ" అన్నాడు.

"అవును" అన్నాడు ఆయన.

కొంచెంసేపు అక్కడే నిలబడ్డాడు. అందరూ సంతోషంగా ఉన్నారు. వదిన నన్ను చూస్తే నేనూ నవ్వాను. ఆయన బొంగును మళ్ళీ భుజానికెత్తుకుని ఇంటికి వచ్చి గోడకు ఆనించాడు. చాప మీద కూర్చున్నాడు. పడుకునే ముందు నా వైపు చూశాడు. వచ్చిన తరువాత నన్ను అట్లా చూడడం ఇదే.

"రేపు ఎవురింటికి?" అని అడిగాడు.

బయట ఎటు చూసినా పచ్చగా ఉంది. వంకలో, గట్ల మీద, మా బీడు చేనిలో కూడా గడ్డి జానెడు లేచింది. ఊళ్ళో మిగిలిన పశువులన్నీ మేస్తున్నాయి. ఇక ఏ ఇంట్లోనూ ఆవు పడదు.

"పిలుస్తారులే" అన్నాను.

తల ఊపి గోడ వైపు తిరిగాడు.